కానుక సంచికీ కాపరి జేబుకీ మధ్య

ఆదివారం ఆరాధన ముగిసి జనం గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ ఉండగా, పల్లె మందిరంలో వేదిక వెనక చిన్న గదిలో ఇంకో పని మొదలవుతుంది. చాప మీద కానుకల సంచి బోర్లిస్తారు. నాలుగు మడతలు పెట్టిన పది రూపాయల నోట్లు, పిల్లల చేతి చెమట అంటిన రూపాయి బిళ్లలు, పేర్లు రాసిన దశమ భాగం కవర్లు, పెళ్లిరోజు కృతజ్ఞతా కానుక అని చీటీ చుట్టిన ఒక ఐదొందల నోటు. ఆ గదిలో అప్పుడు ఎందరున్నారు, లెక్క దేని మీద రాస్తున్నారు, ఆ కాగితం మీద ఎవరెవరు సంతకం పెడుతున్నారు, డబ్బు ఆ మధ్యాహ్నం ఎవరింటికి వెళ్తోంది? ఒక క్రైస్తవ సంఘం డబ్బు విషయంలో ఎలా నడుస్తోందో తెలుసుకోవాలంటే ఈ నాలుగూ చూస్తే చాలు. బడ్జెట్లు, ఆడిట్లు తరువాతి సంగతి.

సంఘంలో డబ్బు గొడవ అనగానే అందరికీ తట్టేది దొంగతనం. యేసు శిష్యుల డబ్బు సంచి మోసిన యూదా ఇస్కరియోతు పేరు వెంటనే నోటికొస్తుంది. కానీ డబ్బు దగ్గర చీలిపోయిన సంఘాల కథలు కాస్త ఓపిగ్గా వింటే, చాలా వాటిలో మొదటి రోజున దొంగ కనిపించడు. కనిపించేది చేబదులు. కోశాధికారి కూతురి కాలేజీ ఫీజుకు రేపే గడువు, జీతమేమో ఐదో తారీఖున వస్తుంది, సంఘం డబ్బు బీరువాలోనే ఉంది. తీసుకుంటాడు, తిరిగి పెట్టేస్తాడు. రెండోసారి తీసుకుంటాడు, కొంత పెడతాడు. నాలుగోసారికి ఎంత తీశాడో ఆయనకే గుర్తుండదు. కాపరి, అంటే పాస్టర్ గారి సంగతి ఇంకా చిక్కు. మందిరం కరెంటు బిల్లు ఆయన జేబులోంచి కట్టాడు. ఆయన ఇంటి గ్యాస్ బండ సంఘం డబ్బుతో వచ్చింది. రెండూ ఎక్కడా రాయలేదు. పదేళ్లు గడిచాక ఎవరికి ఎవరు బాకీయో తేల్చగలిగేవాడు ఉండడు.

అంటే అసలు సమస్య కలిసిపోవడం. సంఘం డబ్బులో ఇంటి డబ్బు, విధవరాండ్ర సహాయ నిధిలో స్లాబు నిధి, లెక్కపెట్టే చేతిలో ఖర్చుపెట్టే చెయ్యి, చివరకు మందిరం స్థలంలో పాస్టర్ గారి పేరు. నమ్మకస్తుడైన మనిషిని వెతికి పెట్టుకుంటే సరిపోతుందని సంఘాలు అనుకుంటాయి. నమ్మకస్తుడికే ముందు కావలసింది విడివిడిగా ఉంచే ఏర్పాటు. నింద వచ్చిన రోజున చూపించడానికి అతనికి ఒక కాగితం ఉండాలి.

బెజ్జం పెట్టిన పెట్టె

ఈ ఏర్పాటు ప్రపంచం నుంచి అరువు తెచ్చుకున్నదనీ, ఆత్మీయ విషయాల్లో లెక్కలేమిటనీ అనేవారు ఉన్నారు. బైబిల్లో రెండవ రాజుల గ్రంథం 12వ అధ్యాయం వాళ్ల వాదనకు బాగా అడ్డుపడుతుంది. యూదా దేశపు యోవాషు రాజు యెరూషలేము మందిరం బాగుచేయమని డబ్బు వసూలు యాజకులకే అప్పగించాడు. తన ఏలుబడిలో 23వ సంవత్సరం వచ్చేసరికి కూడా శిథిలాలు అలాగే ఉన్నాయి. యాజకులు తినేశారని అక్కడ రాయలేదు. పని జరగలేదని మాత్రమే ఉంది. వచ్చిన డబ్బు రోజువారీ ఖర్చుల్లో కలిసిపోయి ఉంటుందని ఊహించడం కష్టం కాదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జం పెట్టి, బలిపీఠం దగ్గర ఉంచాడు. పెట్టె నిండినప్పుడు రాజు తరఫు లేఖికుడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ వచ్చి లెక్కచూసి సంచుల్లో కట్టేవారు. ఇద్దరు మనుషులు, రెండు వేరు వేరు పదవులు, ఒక్క పనికే కేటాయించిన పెట్టె. ఈనాడు ఏ ఆడిటరైనా అడిగేది ఇదే.

అదే అధ్యాయంలో, పనివాళ్లకు డబ్బు ఇచ్చినవారు నమ్మకస్తులు కాబట్టి వారిని లెక్క అడగలేదని ఒక వచనం ఉంది. లెక్కలు వద్దనేవారికి కంఠతా వచ్చిన వచనం ఇది. లెక్క కట్టి, సంచుల్లో మూటకట్టి అప్పగించాక వచ్చిన మాట అది. పై వచనాలు వదిలేసి దీన్ని ఒక్కదాన్నే చదవడం అన్యాయం.

పౌలు కూడా యెరూషలేము పేదలకోసం సంఘాల్లో చందా పోగుచేసినప్పుడు ఆ డబ్బు ఒంటరిగా మోయలేదు. కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయం ప్రకారం తీతుతోపాటు మరి ఇద్దరు సహోదరులను పంపాడు. అందులో ఒకరిని పౌలు ఎంచుకోలేదు, సంఘాలే ఏర్పరచాయి. ప్రభువు ఎదుట మాత్రమే కాక మనుషుల ఎదుట కూడా మంచిగా కనబడాలన్నది ఆయన చెప్పిన కారణం. అపొస్తలుడికే అక్కరకొచ్చిన జాగ్రత్త మన పాస్టర్ గారికి అవమానం ఎలా అవుతుందో అర్థం కాదు.

"మాది విశ్వాస పరిచర్య" అనే జవాబు తెలుగు నేల మీద బాగా వినిపిస్తుంది. హైదరాబాదులోని హెబ్రోను కేంద్రంగా విస్తరించిన బక్త్ సింగ్ సంఘాల ప్రభావంతో, ఎవరినీ అడగకుండా, ఖాయమైన జీతం లేకుండా సేవ చేయడం ఇక్కడ గౌరవమైన మార్గంగా నిలబడింది. ఆ మార్గానికి పాత ఆదర్శం ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో 1836లో అనాథాశ్రమం మొదలుపెట్టిన జార్జి ముల్లర్. ఆయన మనుషులను డబ్బు అడగలేదు, నిజమే. కానీ వచ్చిన ప్రతి కానుకా చిన్న నాణెం దాకా రాసిపెట్టి, ఏటా నివేదిక అచ్చువేసి పంచాడు. ముల్లర్ ప్రార్థన గురించి మన ప్రసంగాల్లో చాలా వింటాం. ఆయన ఖాతా పుస్తకం గురించి వినడం అరుదు.

చాప మీద లెక్క

మళ్లీ ఆ చాప దగ్గరికి వద్దాం. ఒక మాదిరి సంఘంలో ఒక ఆదివారం లెక్క ఇలా ఉందనుకుందాం. 500 నోట్లు 7, 200 నోట్లు 4, వంద నోట్లు 23, యాభైలు 31, ఇరవైలు 44, పదులు 118, చిల్లర 236. మొత్తం 10,446 రూపాయలు. ఈ ఏడు అంకెలూ విడివిడిగా ఒక చీటీ మీద ఎక్కాలి. మొత్తం ఒక్కటే రాస్తే సగం పనే అయినట్టు. నోట్ల వారీగా రాసినప్పుడే బ్యాంకులో కట్టిన స్లిప్పుతో పోల్చి చూడగలం. లెక్కపెట్టేవారు కనీసం ఇద్దరు, ఒకే ఇంటివారు కాకూడదు, వారం వారం మారుతూ ఉండాలి. ముగ్గురైతే మరీ మంచిది, ఒకరు రాకపోయినా పని ఆగదు. స్త్రీల సమాజం నుంచి ఒకరు ఉంటే లెక్క ఇంకా నికరంగా ఉంటుందని చాలాచోట్ల అనుభవం. ఇంట్లో పొదుపు సంఘం పుస్తకం రాసే చెయ్యి అది.

చీటీకి రెండు నకళ్లు. ఒకటి కోశాధికారికి, ఒకటి కోశాధికారి కాని మనిషి దగ్గర. నెలాఖరున బ్యాంకు పాస్‌బుక్కు, క్యాష్ బుక్కు, ఈ చీటీలు మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే అరగంటలో తేలిపోతుంది. ఈ అరగంట ఎవరూ కేటాయించకపోవడం వల్ల ఐదేళ్ల తరువాత ఆరు నెలల పంచాయితీ నడుస్తుంది.

చిన్నగా కనిపించే అలవాట్లే ఇక్కడ చెరుపు చేస్తాయి. కానుకల్లోంచి వందలు ఐదు తీసుకుని ఐదొందల నోటు పెట్టడం, అంటే చిల్లర మార్చుకోవడం, తప్పు కాదనిపిస్తుంది. కానీ లెక్క పూర్తికాకముందు సంచిలో చెయ్యి పెట్టే హక్కు ఒకరికి ఇచ్చేశాం. వచ్చిన నగదులోంచే మైకు మెకానిక్‌కు ఇచ్చి, మిగిలింది బ్యాంకులో కట్టడం ఇంకో అలవాటు. అప్పుడు బ్యాంకు లెక్కలో ఆ వారం ఆదాయమే తక్కువ కనిపిస్తుంది, ఖర్చుకు వోచరు ఉండదు. వచ్చింది వచ్చినట్టు మొత్తం కట్టేయాలి. ఖర్చు ఎంతైనా రసీదుతో బయటికి రావాలి. టీ, రిక్షా, పూల దండ లాంటి చిల్లర ఖర్చులకు నెలకు ఇంత అని విడిగా ఒక చిన్న మొత్తం పెట్టుకుంటే సరిపోతుంది.

క్యూఆర్ కోడ్ వచ్చాక కొత్త చిక్కు మొదలైంది. వేదిక పక్క గోడకు, కొన్నిచోట్ల యూట్యూబ్ తెర కింద, ఫోన్‌పే నంబరు పెడుతున్నారు. ఆ నంబరు చాలాసార్లు పాస్టర్ గారి సొంత సేవింగ్స్ ఖాతాది. సంఘం పేరిట ఖాతా తెరవడానికి రిజిస్ట్రేషన్, పాన్ కార్డు, తీర్మానం కావాలి. సొంత ఖాతాకు అవేమీ అక్కర్లేదు. అందుకే ఆ దారి. ఫలితం ఏమిటంటే, సంఘం కానుకలన్నీ కాగితం మీద ఒక వ్యక్తి ఆదాయంగా కనిపిస్తాయి. రేపు ఆదాయపు పన్ను శాఖ నుంచి ప్రశ్న వస్తే, "ఇది నాది కాదు, దేవునిది" అన్న మాటకు రుజువు ఆయనే వెతుక్కోవాలి. పేటీఎం, ఫోన్‌పే లావాదేవీలు ఏళ్ల తరబడి నిలిచే సాక్ష్యాలు. సంచిలో పడ్డ పది నోటులా అవి మాసిపోవు.

కానుకలిచ్చినవారి పేర్లు, మొత్తాలు మైకులో చదవడం గురించి ఒక మాట. ఫ్యాను రెక్క మీద ఫలానావారి జ్ఞాపకార్థం అని రంగుతో రాయించే సంఘాలు, కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాట కూడా అదే ఫ్యాను కింద కూర్చుని వింటాయి. పారదర్శకత అంటే మొత్తం ఎంత వచ్చింది, దేనికి పోయింది అనేది అందరికీ తెలియడం. ఎవరు ఎంత ఇచ్చారన్నది కాదు. కవర్లకు నంబర్లు ఇచ్చే పద్ధతిలో ఈ రెండూ కుదురుతాయి. నంబరు ఎవరిదో ఒక్క పుస్తకంలోనే ఉంటుంది. నోటీసు బోర్డు మీద వారం మొత్తం ఉంటుంది.

గుప్పెడు బియ్యం, కాలువ కూలి

మన దగ్గర ఈ విషయంలో పాఠాలు కొత్తవి కావు. 1876 నుంచి 78 దాకా కరువు ఒంగోలు ప్రాంతాన్ని పీల్చేసినప్పుడు, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమందికి పని, ఆ పనికి కూలి. జనం బాప్తిస్మం అడుగుతున్నా, సహాయం నడిచినంత కాలం, దాదాపు 15 నెలలు, ఎవరికీ ఇవ్వలేదు. తిండికోసం వచ్చారన్న మాట రాకూడదని. సహాయం పని ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ సంఖ్యను ప్రతి చరిత్ర పుస్తకమూ చెబుతుంది. దాని వెనక 15 నెలలు డబ్బునూ బాప్తిస్మాన్నీ కలవనివ్వకుండా ఆపిన నిగ్రహం గురించి చెప్పేవి తక్కువ.

దోర్నకల్లులో వి.ఎస్. అజరయ్య దారి ఇంకొకటి. 1912లో ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. అంతకు ఏడేళ్ల ముందు, 1905 క్రిస్మస్ రోజున సేరంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టినప్పుడు దాని స్థాపకుల్లో ఒకడు. మన మనుషులు, మన డబ్బు, మన నిర్వహణ అన్నది ఆ సొసైటీ పట్టుబట్టిన మాట. దోర్నకల్ డయోసిస్‌లో, అంటే ఆ బిషప్ కింద ఉన్న సంఘాల్లో, సంఘస్థులు అత్యధికులు మాల, మాదిగ కూలీలు. వాళ్ల దగ్గర నగదు ఉండేది కాదు. ధాన్యం, కోళ్లు, గుడ్లు, వంటకు ముందు పక్కకు తీసిన గుప్పెడు బియ్యం, ఇవే కానుకలు. ఇవ్వలేనంత పేదవాడు ఉండడని అజరయ్య పట్టుదల. దోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ ఏళ్ల తరబడి కట్టుబడి సాగి 1939లో ప్రతిష్ఠ అయింది. తొందరపడి అప్పుచేసి కట్టిన గోడలు కావవి.

గుప్పెడు బియ్యం ఇప్పటికీ ఉంది. కొన్ని ఇళ్లలో పొయ్యి పక్కన దానికో డబ్బా ఉంటుంది. నెలకోసారి స్త్రీల సమాజం వాళ్లు పోగుచేసి, సంఘస్థులకే తక్కువ ధరకు అమ్మి ఆ డబ్బు కోశాధికారికి ఇస్తారు. ఇక కోత పండుగ వేలం పాట చూడవలసిందే. గుమ్మడికాయ, నాటు కోడి, బెల్లం దిమ్మ, ఒక్క నిమ్మకాయ కూడా వందల్లోకి వెళ్తుంది. పాడినవాడు మళ్లీ కానుకగా తిరిగి ఇస్తే మళ్లీ పాట. సంబరంలో వేలు పలుకుతాయి, రాసుకునేది నోట్‌బుక్కులో, వసూలయ్యేది క్రిస్మస్‌కో, ఆ పైకో. పాటలో వచ్చిన మొత్తాన్ని ఆదాయంగా ప్రకటించి ఖర్చులు మొదలుపెట్టే సంఘం బకాయిల మీద కాపురం చేస్తోందన్నమాట. చేతికి వచ్చిందే ఆదాయం. రావలసింది వేరే కాలమ్.

ఆదాయానికి రుతువులు ఉన్నాయి, ఖర్చులకు లేవు. డెల్టాలో వరి చేతికొచ్చే రోజులు, క్రిస్మస్, నూతన సంవత్సరం కలిసి డిసెంబరు, జనవరి కళకళలాడతాయి. గుంటూరు వైపు మిర్చి యార్డుకు చేరే నెలల్లో ఇంకొంత. ఆషాఢం నుంచి దసరా దాకా పెట్టె తేలికగా ఉంటుంది. కరెంటు బిల్లు, పాస్టర్ గారి ఇల్లు గడవడం మాత్రం పన్నెండు నెలలూ ఒకటే. డిసెంబరులో లైట్లకు, స్టార్లకు, భోజనాలకు మొత్తం ఊడ్చేసి జూలైలో ప్రత్యేక ప్రార్థన పెట్టే సంఘాలు ఎన్నో. మూడు నెలల మామూలు ఖర్చుకు సరిపడా డబ్బు కదపకుండా ఉంచితే ఆ ప్రార్థన వేరే అంశాల మీద చేసుకోవచ్చు.

కాపరి జీతం

సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) లాంటి సంఘాల్లో పాస్టరేట్, అంటే ఒక పాస్టర్ కింద ఉన్న సంఘం, తన వంతు డబ్బు డయోసిస్‌కు కడుతుంది, పాస్టర్‌కు జీతం అక్కడి నుంచి వస్తుంది, కొన్నేళ్లకు బదిలీ అవుతుంది. లోపాలు ఎన్ని ఉన్నా, కానుక సంచికీ ఆయన జేబుకీ మధ్య కొంత దూరం ఉంది. స్వతంత్ర సంఘాల్లో ఆ దూరం లేదు. వచ్చిందంతా ఆయన చేతికే వస్తుంది. అందులోంచి మందిరం నడవాలి, ఇల్లు నడవాలి. ఇందులో పాస్టర్‌కు లాభం అనుకుంటే పొరపాటు. వర్షం పడి జనం రాని వారం ఇంట్లో బియ్యం నిండుకుంటాయి. పాస్టరమ్మగారు మిషన్ కుట్టి పిల్లల ఫీజులు కడుతూ ఉంటారు. పైగా పదిమంది కళ్లు ఆయన కొత్త బండి మీదే. నెలకు ఇంత అని సంఘం ఖాయం చేసి, ఆ తీర్మానం ఆయన లేనప్పుడు చేసి, బ్యాంకు ద్వారా ఇస్తే, ఆ బండి ఎలా వచ్చిందో ఎవరికీ వివరించుకోవలసిన అవసరం ఉండదు.

1950లో అట్లాంటాలో అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రాహం సభలు ముగిసిన వెంటనే అక్కడి పత్రిక రెండు ఫోటోలు పక్కపక్కన అచ్చువేసింది. ఒకదాంట్లో డబ్బు సంచులు మోస్తున్న సేవకులు, ఇంకోదాంట్లో నవ్వుతూ చెయ్యి ఊపుతూ వెళ్తున్న గ్రాహం. ఆయన ఏ తప్పూ చేయలేదు. సభల చివర ప్రేమ కానుక తీసుకోవడం అప్పటి ఆచారం. కానీ ఆ ఫోటోలు చేసిన పని ఎంతో తెలిశాక, ప్రేమ కానుకలు మానేసి తన సంస్థ బోర్డు నిర్ణయించిన జీతానికి మారాడు. మన మహాసభల్లో ప్రసంగీకుడి చేతికి తెల్ల కవరు అందే క్షణం ఇంకా కెమెరాకు దూరంగానే జరుగుతోంది. ఎంత కాలమో చెప్పలేం, అందరి చేతుల్లో కెమెరాలే. విత్తన కానుక వేస్తే నూరంతలు వస్తుందని టీవీలో అడిగేవారి గురించి ఇక్కడ ఎక్కువ రాయనవసరం లేదు. లెక్క చూపించమంటే చాలు, ఆ గొంతు మారిపోతుంది.

ఊచలు పొడుచుకొచ్చిన స్తంభాలు

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కచూసుకోడా అని లూకా సువార్త 14వ అధ్యాయం అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబులు మన రోడ్ల పక్కన ఎన్నో నిలబడి ఉన్నాయి. స్లాబు పడని స్తంభాలు, పైకి పొడుచుకొచ్చి తుప్పు పట్టిన ఊచలు, కింద రేకుల షెడ్డులో ఆరాధన. పునాదికి వచ్చిన ఉత్సాహం గోడలకు ఉండదు. గోడలకు వచ్చినవారు స్లాబుకు రారు.

మధ్యలో అప్పు వస్తుంది. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి ఐదు లక్షలు తెచ్చారనుకుందాం. నెలకు 10,000 వడ్డీ. పైన చాప మీద లెక్కపెట్టిన 10,446 గుర్తుందిగా. నెలలో ఒక ఆదివారం కానుక మొత్తం వడ్డీ వ్యాపారికే పోతుంది, అసలు కదలదు. ఆ లోటు పూడ్చడానికి చేయి వెళ్లేది ముందుగా పేదల నిధి మీదికే. విధవరాండ్రకు చీరలకని ఇచ్చిన డబ్బు సిమెంటు బస్తాలవుతుంది. ఒక పనికోసం ఇచ్చిన డబ్బు ఆ పనికే వాడాలన్నది కనీస నీతి. తప్పనిసరై మార్చవలసి వస్తే ఇచ్చినవారి ఎదుట, సభ్యుల సమావేశంలో చెప్పి మార్చాలి. దశలుగా కట్టడమే మేలు. చేతిలో ఉన్నంత మేరకు కట్టి, ఆ దశ లెక్క చెప్పి, అప్పుడు తరువాతి దశకు అడగాలి. లెక్క చెప్పిన సంఘానికి రెండోసారి అడగడం తేలిక.

విదేశీ డబ్బు, స్వదేశీ చట్టం

చాలా ఏళ్లు తెలుగు పల్లెల్లో పరిచర్యలు బయటి దేశాల నెలసరి సహాయం మీద నడిచాయి. విదేశీ విరాళాలను నియంత్రించే 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టానికి 2020 సెప్టెంబరులో వచ్చిన సవరణ ఆ పద్ధతిని మార్చేసింది. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ తాను తీసుకున్న విదేశీ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. పరిపాలన ఖర్చులు 50 శాతం నుంచి 20కి దిగాయి. డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. పెద్ద సంస్థ తీసుకుని చిన్న సంఘాలకు పంచే గొలుసు అక్కడితో తెగింది. అంతకు ముందే, 2017 మార్చిలో, లక్షా 40 వేలకు పైగా పిల్లలకు సహాయం చేస్తున్న కంపాషన్ ఇంటర్నేషనల్ అనే విదేశీ క్రైస్తవ సంస్థ ఇండియాలో పని ఆపేసింది. ఆ చట్టం న్యాయమా కాదా అన్న చర్చ వేరు. ఒక్క దేశపు ఒక్క దాత మీద జీతం, అద్దె, హాస్టలు అన్నీ ఆనించడం ప్రమాదమని మాత్రం తేలిపోయింది. అజరయ్య గుప్పెడు బియ్యానికి ఢిల్లీ ఖాతా అక్కర్లేదు.

ఇందులో తెలియక చిక్కుకునేవారు ఎక్కువ. విదేశీ మిత్రుడు పరిచర్య కోసం సొంత ఖాతాకు పంపినా అది విదేశీ విరాళమే, రిజిస్ట్రేషన్ లేకుండా తీసుకోవడం నేరం. డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న మన ఊరివాడు పంపితే? అతని పాస్‌పోర్టు ఇంకా భారతదేశానిదై, మామూలు బ్యాంకు ద్వారా తన సంపాదన పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మరుసటి రోజు నుంచి, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అతను విదేశీ దాతే. మందిరం కట్టడానికి పెదనాన్న కొడుకు పంపిన డాలర్లకు కూడా ఈ తేడా వర్తిస్తుంది.

స్వదేశీ వైపు, సంఘాన్ని 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేయడానికి ఏడుగురు సభ్యులు చాలు. ఆ తరువాత ఏటా సర్వసభ్య సమావేశం, కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కు పంపడం ఉంటాయి. ఎక్కువ సంఘాలు మొదటి ఏడాది చేసి మరిచిపోతాయి. ఆదాయపు పన్ను మినహాయింపుకు విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆదాయంలో 85 శాతం ఉద్దేశించిన పనులకు ఖర్చవ్వాలి, పరిమితి దాటితే చార్టర్డ్ అకౌంటెంటుతో ఆడిట్ చేయించాలి. కేవలం మత సంబంధమైన సంస్థకు ఇచ్చే కానుకకు విరాళాల మీద దాతకు దొరికే పన్ను రాయితీ (1961 చట్టంలో 80జి) వర్తించదు. తెలియక రసీదు పుస్తకం మీద 80జి అని అచ్చువేయించినవారు ఆ పేజీలు వాడకపోవడమే మంచిది.

పాత మిషన్ సంఘాల సమస్య దీనికి తలకిందులు. వాటికి కాగితాలు ఉన్నాయి, మిషన్ కాంపౌండ్లు ఉన్నాయి, షాపింగ్ కాంప్లెక్సులు ఉన్నాయి. పల్లె పాస్టర్ జీతం మాత్రం ఆలస్యం. ఊరి నడిబొడ్డున ఉన్న స్థలాన్ని ఎవరో పాతికేళ్ల కిందట నామమాత్రపు అద్దెకు లీజుకిచ్చారు, ఆ లీజు మీద కేసు, ఆ కేసు మీద ఇంకో కేసు. సంఘం ఎన్నికల్లో గెలిచిన వర్గం ఓడిన వర్గం మీద వేసే వ్యాజ్యాలకు వకీలు ఫీజులు ఎవరి కానుకల్లోంచి వెళ్తున్నాయో విడిగా ఒక లైనుగా రాసి సభ్యులకు చూపిస్తే సగం కేసులు పడవేమో. కథోలిక సంఘంలో 1983 నాటి కానన్ లా ప్రతి విచారణకూ (పారిష్‌కూ) ఒక ఆర్థిక మండలి ఉండితీరాలంటుంది. కాగితం మీద అంతకన్నా స్పష్టమైన నియమం ఏ సంఘానికీ అక్కర్లేదు. అది కూర్చుని లెక్క అడుగుతుందా అన్నదే తేడా.

ఎవరి పేరిట

అన్నిటికన్నా తక్కువగా మాట్లాడుకునేది స్థలం గురించి. స్వతంత్ర సంఘాల్లో నాలుగు సెంట్లు కొన్నప్పుడు సొసైటీ ఇంకా పుట్టి ఉండదు, దస్తావేజు పాస్టర్ గారి పేరిటే రాస్తారు. ఎవరికీ దురుద్దేశం లేదు. ఇరవై ఏళ్లలో ఆ నాలుగు సెంట్ల మీద వందల కుటుంబాల కానుకలతో గోడలు, స్లాబు, టైల్స్ లేస్తాయి. చట్టం కళ్లకు అది ఇప్పటికీ ఒక వ్యక్తి సొంత ఆస్తి. ఆయన బతికి ఉండగా సొసైటీ పేరిట గిఫ్టు దస్తావేజు రాసి రిజిస్టరు చేయించడం ఒక్క పూట పని. స్టాంపు డ్యూటీకి కొంత ఖర్చవుతుంది, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో కొంత ఎదురుచూపు. అడగడానికి పెద్దలకు మొహమాటం. అయ్యగారిని అనుమానించినట్టు అవుతుందేమోనని ఏటా వాయిదా పడుతుంది.

ఆయన కన్నుమూసిన తరువాత అదే స్థలం వారసులందరిదీ అవుతుంది. పెద్దకొడుకు పరిచర్యలోనే ఉంటాడు, మందిరానికి రాసిచ్చేద్దామంటాడు. కూతురు సరేనంటుంది గానీ అల్లుడికి రోడ్డు విస్తరణలో ఆ స్థలం ధర ఎంత పలుకుతుందో తెలుసు. చిన్నకొడుకు కువైట్‌లో ఉన్నాడు, ఇంకో సంఘానికి వెళ్తున్నాడు, ఫోన్ ఎత్తడు. ముగ్గురి సంతకాలూ ఉంటేనే బదిలీ. పునాదికి ఇటుకలు మోసినవాళ్లు, గుప్పెడు బియ్యం తీసిపెట్టినవాళ్లు వచ్చే ఆదివారం మామూలుగానే వచ్చి కూర్చుంటారు. తాళం చెవి ఇప్పుడు ఎవరి దగ్గరుందని ఒకరినొకరు మెల్లగా అడుగుతారు.